శబ్దానికి కళ్లెము: గిటారు ఆంప్లిఫయరు, లౌడ్‌స్పీకరు చరిత్ర

ప్రతి లౌడ్‌స్పీకరు వెనుకభాగమున ఒక అంకె ముద్రించి ఉంటుంది: 15 వాట్లు, 25 వాట్లు, 60 వాట్లు. ఆంప్లిఫయరుమీద మరొక అంకె ఉంటుంది. రెండును సరిపోయినచో చాలునని చాలామంది తలుస్తారు. ఆంప్లిఫయరుమీది అంకె అది ఎంత శక్తిని శుద్ధముగా ఇవ్వగలదో చెప్పుతుంది. స్పీకరుమీది అంకె అది ఎంత శక్తిని ఓర్చుకొనగలదో చెప్పుతుంది. ఇచ్చేవాడి లెక్క వేరు, ఓర్చేవాడి లెక్క వేరు. ఎలక్ట్రిక్ గిటారు చరిత్రలో ఈ రెండు లెక్కలూ పొత్తు కుదరక పడిన పాట్లు తెలుసుకొనదగినవి.

నేడు మనమెరిగిన తీగచుట్ట లౌడ్‌స్పీకరును అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇద్దరు ఇంజనీర్లు 1925లో లోకానికి తెలియజేశారు. అయస్కాంతపు సందులో సన్నని తీగచుట్ట. దానికి అతికిన కాగితపు గరాటు. తీగలో విద్యుత్తు మారినకొలదీ గరాటు కదలి గాలిని కదిలిస్తుంది. అయితే చుట్టలోనికి పోయిన శక్తిలో శబ్దమయ్యేది నూటికి కొద్దిపాళ్లే. మిగిలినదంతయు ఆ సన్నని తీగలోనే వేడిగా మారుతుంది. స్పీకరుమీది వాట్ల అంకె ముఖ్యముగా ఈ వేడికి పెట్టిన హద్దు. హద్దు మీరితే చుట్ట కాలుతుంది. కదలిక మితిమీరితే గరాటు చిరుగుతుంది.

1939లో చార్లీ క్రిస్టియన్ బెన్నీ గుడ్‌మన్ వాద్యబృందములో చేరి ఎలక్ట్రిక్ గిటారును ముందు వరుసకు తెచ్చినాడు. నాటి ఆంప్లిఫయర్లు చిన్నవి; వాద్యము వినబడితే చాలుననుకొనేవారు. కాని వాల్వు ఆంప్లిఫయరును దాని శక్తికి మించి తోస్తే స్వరము చిట్లి, ఒక కొత్త గరుకుదనము పుడుతుందని వాద్యకారులు కనిపెట్టినారు. ఇంజనీర్లు దోషమన్నదానిని వారు గుణమన్నారు. 1958లో లింక్ రే ఆ గరుకుదనము కొరకు స్పీకరు కాగితానికి చిల్లులు పొడిచినాడు. 1964లో ఇంగ్లండులో డేవ్ డేవీస్ బ్లేడుతో కోసినాడు.

ఇంతలో సభలు పెరిగాయి. ఇంగ్లండులో వాక్స్ సంస్థ తయారుచేసిన ఏసీ 30 అను 30 వాట్ల ఆంప్లిఫయరులో 15 వాట్ల సెలెస్టియన్ స్పీకర్లు రెండు ఉండేవి. కాగితముమీద లెక్క అణాపైసలతో సరిపోయినది. కాని మిగులు అన్నది లేదు. 1965లో లండనులో జిమ్ మార్షల్ సంస్థ పీట్ టౌన్‌షెండ్ కోరికపై 100 వాట్ల ఆంప్లిఫయరు నిర్మించినది. అదే సంవత్సరము ఆగస్టు 15న న్యూయార్కులోని షే స్టేడియములో బీటిల్స్ బృందము 100 వాట్ల వాక్స్ ఆంప్లిఫయర్లతో వాయించగా, 55 వేలకు పైబడిన ప్రేక్షకుల కేకలలో ఆ సంగీతము మునిగిపోయినది.

ఇక్కడ లెక్కలోని మర్మము చెప్పవలె. 100 వాట్లనగా స్వరము చిట్లకుండ ఇచ్చే శక్తి. పూర్తిగా తోసినప్పుడు తరంగపు శిఖరాలు తెగి, చదునై, అదే ఆంప్లిఫయరు సిద్ధాంతరీత్యా రెండింతలవరకు ఇవ్వగలదు. కాబట్టి 25 వాట్ల స్పీకర్లు నాలుగు చేర్చిన పెట్టె 100 వాట్లకు సరిపోయినట్లు కనిపించినను, గరుకు స్వరము కోరేవానికి సరిపోదు. మరొక సంగతి: ఒకే ఓముల స్పీకర్లు రెండు శక్తిని సమానముగా పంచుకొంటాయి. 25 వాట్లదీ 60 వాట్లదీ జతచేస్తే ఆ జత ఓర్చగలిగేది 85 కాదు, 50 మాత్రమే. బలహీనునిబట్టియే జట్టు బలము.

పెద్ద ఆంప్లిఫయరును చిన్న గదిలో పూర్తిగా తోస్తే చెవులకూ, ఇరుగుపొరుగులకూ హాని. శబ్దము తగ్గిస్తే కోరిన గరుకుదనము పోతుంది. ఈ చిక్కుకు పరిష్కారము అటెన్యుయేటరు; అనగా ఆంప్లిఫయరుకూ స్పీకరుకూ నడుమ నిలిచి శక్తిని తగ్గించే సాధనము. సూత్రము కొత్తది కాదు. టెలిఫోను ఇంజనీర్లు దానిని ముందే వాడినారు. తగ్గుదలను కొలిచే డెసిబెల్ అన్న మానము వారిదే. ప్రసారశాలలలో మేము స్వరము హెచ్చుతగ్గులు చేయుటకు తిప్పే మీటలు కూడ ఈ కుటుంబమువే. కాని మా మీటల గుండా పోయేది వాటులో అతి స్వల్పభాగము. గిటారు విషయములో పోయేది నూరు వాట్లు. 1980లో టామ్ షోల్జ్ తన సంస్థను స్థాపించి, పవర్ సోక్ అను అటెన్యుయేటరును విపణిలోనికి తెచ్చినాడు. ఆయన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో చదివిన ఇంజనీరు, బోస్టన్ బృందపు గిటారు వాద్యకారుడు కూడ.

అటెన్యుయేటరు శక్తిని మాయము చేయదు. వేడిగా మార్చి తాను భరిస్తుంది. 100 వాట్లను 10 డెసిబెల్‌లు తగ్గిస్తే స్పీకరుకు చేరేది 10 వాట్లు. 90 వాట్లు ఆ పెట్టెలో వేడి. ఇంత తగ్గించినను చెవికి శబ్దము సుమారు సగమైనట్లే తోస్తుంది. 3 డెసిబెల్‌లు తగ్గిస్తే సగము శక్తి స్పీకరుకే పోతుంది. కావున అటెన్యుయేటరు ఉన్నది కదా అని 25 వాట్ల స్పీకరును 100 వాట్ల ఆంప్లిఫయరుకు కట్టుట ప్రమాదము. మీట ఒక మెట్టు వెనుకకు తిరిగిననాడు దానికి కాపు లేదు. స్పీకరును ఆంప్లిఫయరు పూర్తి శక్తినిబట్టియే ఎన్నుకొనవలె. అటెన్యుయేటరు ఓర్పు కూడ ఆంప్లిఫయరు అంకెకంటె ఎక్కువగా, వీలైతే రెండింతలుగా ఉండవలె. దాని చుట్టూ గాలి ఆడవలె.

ఓముల లెక్క మరువరాదు. ఆంప్లిఫయరు 8 ఓముల రంధ్రానికి 8 ఓముల అటెన్యుయేటరు, దానికి 8 ఓముల స్పీకరు. 8 ఓములవి రెండు వరుసగా కలిపితే 16, పక్కపక్కన కలిపితే 4. అన్నిటికంటె ముఖ్యముగా, వాల్వు ఆంప్లిఫయరును భారము లేకుండ నడుపరాదు. స్పీకరు తీగ ఊడినప్పుడు శక్తికి దారిలేక ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి పెచ్చుపెరిగి, పొర చీలి నిప్పురవ్వలు పుట్టవచ్చును. అందుచేత తీగలు మార్చవలెనన్న ముందుగా ఆంప్లిఫయరును ఆపవలె. గిటారుకు వాడే సన్నని తీగను స్పీకరుకు వాడరాదు. అటెన్యుయేటరుతో నడిచినను ఆంప్లిఫయరు పూర్తి శ్రమ పడుతూనే ఉంటుంది. చప్పుడు తగ్గినదని వాల్వుల ఆయువు పెరగదు.

నాలుగు దశాబ్దాలు వాద్యకారులు శక్తిని పెంచుటకు పాటుపడగా, తరువాతివారు దానిని అణచుటకు పాటుపడవలసి వచ్చినది. ఒకచోట తగ్గించిన శక్తి మరొకచోట తేలుతుంది. అది ఎక్కడ తేలునో ముందుగా లెక్కించుకొన్నవాని ఇంట సంగీతము నిలుస్తుంది. లెక్కించనివానికి మొదట కాలిన వాసన వస్తుంది, తరువాత నిశ్శబ్దము మిగులుతుంది.