వేలిముద్రకూ కాపలా కావాలి
గుర్తింపు చోరీ, నిఘా యాప్‌లతో ఖాతాలు ఖాళీ.. తొలి గంటలో ఫిర్యాదే కీలకం

నార్కట్‌పల్లి: రేషన్ బియ్యం తెచ్చుకోవాలన్నా, కొత్త సిమ్ కార్డు కొనాలన్నా, ఊళ్లోని బ్యాంకు మిత్ర వద్ద డబ్బు తీసుకోవాలన్నా, తహసీల్దారు కార్యాలయంలో భూమి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలన్నా యంత్రంపై వేలు పెట్టడం పరిపాటి అయింది. ఒకప్పుడు సంతకం రానివారికే పరిమితమైన వేలిముద్ర నేడు చదువుకున్నవారికీ గుర్తింపు అయింది. దానికి సెల్‌ఫోన్ తోడైంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి పరుల చేతికి చిక్కినా మనిషి పేరు, పరువు, ఖాతాలోని సొమ్ము ప్రమాదంలో పడతాయి. హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి నుంచి అద్దంకి రోడ్డు చీలే నార్కట్‌పల్లి వంటి మండల కేంద్రాల్లో నగదు రహిత చెల్లింపులు టీ దుకాణం వరకూ చేరాయి. నేరం కూడా అదే దారిలో పల్లెకు చేరుతోంది. దానిని ఎదుర్కొనే చట్టం ఉంది. యంత్రాంగమూ ఉంది. అయితే బాధితుడు సకాలంలో నోరు విప్పినప్పుడే అవి పనిచేస్తాయి.

పెద్దపల్లి నేర్పిన పాఠం

గుర్తింపు చోరీ ఎంత సులువో 2018 జూన్‌లో రాష్ట్రానికి తెలిసివచ్చింది. పెద్దపల్లి జిల్లా ధర్మారం మండలంలో సిమ్ కార్డులు విక్రయించే ఒక యువకుడిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లో అందుబాటులో ఉన్న భూముల దస్తావేజులను అతడు డౌన్‌లోడ్ చేసుకున్నాడు. వాటిలో క్రయవిక్రయదారుల ఆధార్ నంబర్లు, వేలిముద్రలు రెండూ ఉన్నాయి. రబ్బరు స్టాంపులు తయారుచేసే పద్ధతిలోనే ఆ వేలిముద్రలకు నకళ్లు చేసి, వాటితో వేల సంఖ్యలో సిమ్‌లను క్రియాశీలం చేశాడు. భూమి కొన్నవారు, అమ్మినవారు దుకాణం గడప తొక్కకుండానే వారి పేరిట సిమ్‌లు పుట్టుకొచ్చాయి. అమ్మకాల లక్ష్యం చేరుకోవడమే అతడి ఉద్దేశమని తేలింది.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటుంది. ఆ యువకుడు కంప్యూటర్ నిపుణుడేమీ కాదు. ఏ సర్వర్‌నూ బద్దలు కొట్టలేదు. బహిరంగంగా ఉన్న కాగితాలనే వాడుకున్నాడు. అలాంటి సిమ్ నేరస్థుల చేతికి చేరితే పోలీసులు ముందుగా వెతుక్కుంటూ వచ్చేది సిమ్ ఎవరి పేరిట ఉందో ఆ అమాయకుడి ఇంటికే. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. వేలిముద్రను మార్చుకోలేం.

నకిలీ ముద్రలను అడ్డుకునేందుకు ఆధార్ ప్రాధికార సంస్థ 2023 ఫిబ్రవరిలో కొత్త విధానాన్ని ప్రకటించింది. యంత్రంపై పెట్టినది ప్రాణమున్న వేలా, నకలా అన్నది కృత్రిమ మేధతో పసిగట్టడం దీని ఉద్దేశం. వేలిముద్రతో నగదు చెల్లించే ఏజెంట్ల పూర్వాపరాలను బ్యాంకులు నిశితంగా పరిశీలించాలని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఆదేశించింది. ఈ నిబంధనలకు 2026 జనవరి 1ని అమలు తేదీగా నిర్ణయించింది.

జేబులోనే గూఢచారి

ఫోన్‌లో రహస్యంగా తిష్ఠ వేసి, యజమానికి తెలియకుండా సమాచారాన్ని బయటకు చేరవేసే సాఫ్ట్‌వేర్‌ను స్పైవేర్ అంటారు. 2021 జూలైలో పెగాసస్ వ్యవహారంతో ఈ మాట దేశమంతటా వినిపించింది. అదే ఏడాది అక్టోబరు 27న నాటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం దీనిపై నిపుణుల కమిటీని నియమించింది. పెగాసస్ వంటివి అత్యంత ఖరీదైనవి. సామాన్యుడి ఫోన్‌పైకి వచ్చేవి చవకబారువి. కానీ ఖాతా ఖాళీ చేయడానికి అవే చాలు.

ఇవి సాధారణంగా వాట్సాప్‌లో ఏపీకే ఫైలు రూపంలో వస్తాయి. పీఎం కిసాన్ సాయం, వాహన చలానా, బ్యాంకు కేవైసీ, పెళ్లి శుభలేఖ.. ఇలా రకరకాల పేర్లు ఉంటాయి. ఒక్కోసారి తెలిసిన వ్యక్తి నంబరు నుంచే వస్తాయి. అతడి ఫోన్ అప్పటికే నేరస్థుల గుప్పిట్లో ఉండటమే కారణం. ఫైలును తెరిచి ఇన్‌స్టాల్ చేయగానే సందేశాలు చదివేందుకు అనుమతి అడుగుతుంది. ఆ అనుమతి ఇచ్చిన క్షణం నుంచి బ్యాంకు పంపే ఓటీపీ నేరుగా దొంగకు చేరుతుంది. బాధితుడు ఎవరికీ ఓటీపీ చెప్పకపోయినా సొమ్ము మాయం కావడంలోని మర్మం ఇదే.

సహాయం చేస్తామంటూ ఎనీడెస్క్ వంటి స్క్రీన్ షేరింగ్ యాప్‌ను వేయించడం మరో పద్ధతి. ఆ యాప్ స్వతహాగా చెడ్డది కాదు. కానీ ఫోన్ తెర మొత్తాన్ని అవతలివాడికి చూపిస్తుంది. దీనిపై రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది.

చట్టం ఏమంటోంది?

సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. అప్పట్లో గుర్తింపు చోరీకి ప్రత్యేక సెక్షన్ లేదు. 2008లో చేసిన సవరణ 2009 అక్టోబరు 27 నుంచి అమలుకావడంతో ఆ లోటు తీరింది. మరొకరి పాస్‌వర్డ్, ఎలక్ట్రానిక్ సంతకం, ఇతర విశిష్ట గుర్తింపును మోసపూరితంగా వాడితే 66సీ సెక్షన్ వర్తిస్తుంది. కంప్యూటర్ లేదా ఫోన్ ద్వారా మరొకరిలా నటించి మోసగిస్తే 66డీ కింద కేసు నమోదవుతుంది. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, రూ.లక్ష వరకు జరిమానా విధించవచ్చు. అనుమతి లేకుండా పరికరంలోకి చొరబడి సమాచారం తస్కరిస్తే 66వ సెక్షన్ వర్తిస్తుంది.

మూడేళ్ల శిక్ష గల ఈ నేరాలకు బెయిలు హక్కుగా లభిస్తుంది. అందుకే పోలీసులు వీటికి భారతీయ న్యాయ సంహితలోని 318(4) సెక్షన్‌ను జోడిస్తుంటారు. మోసంతో సొమ్ము కాజేసిన నేరానికి ఈ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఇతరుల గుర్తింపుతో మోసపూరితంగా సిమ్ పొందితే 2023 నాటి టెలికం చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఐటీ చట్టం కేసులను ఇన్‌స్పెక్టర్, అంతకు పైస్థాయి అధికారే దర్యాప్తు చేయాలి. 2009కి ముందు డీఎస్పీ స్థాయి అధికారికే ఆ అధికారం ఉండేది. ఎస్సై ఉండే ఠాణాలో ఫిర్యాదు ఇవ్వడానికి ఈ నిబంధన అడ్డంకి కాదు. ఠాణాలో కేసు నమోదు చేసి దర్యాప్తును పై అధికారికి అప్పగిస్తారు. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు స్వీకరించే జీరో ఎఫ్ఐఆర్ విధానానికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చట్టబద్ధత కల్పించింది. ఎలక్ట్రానిక్ రూపంలో ఫిర్యాదు పంపినవారు మూడు రోజుల్లోగా వచ్చి సంతకం చేయాలి.

పెరుగుతున్న కేసులు

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం తెలంగాణలో 2020లో 5,024 సైబర్ కేసులు నమోదయ్యాయి. 2021లో 10,303, 2022లో 15,297, 2023లో 18,236కు చేరాయి. 2021, 2022 సంవత్సరాల్లో దేశంలో అత్యధిక కేసులు నమోదైన రాష్ట్రం తెలంగాణే. 2023లో కర్ణాటక మొదటి స్థానానికి వెళ్లింది. ఎక్కువ కేసులంటే ఎక్కువ నేరాలని మాత్రమే అర్థం కాదు. ఫిర్యాదులను తిప్పి పంపకుండా నమోదు చేస్తున్నారనీ అర్థం చేసుకోవాలి. ఈ కేసుల కోసమే 2023లో రాష్ట్ర సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఏర్పాటైంది.

తొలి గంటే ప్రాణం

కాజేసిన సొమ్ము మొదటి ఖాతాలో ఎక్కువసేపు నిలవదు. నిమిషాల్లో పలు ఖాతాలకు చీలి, ఏటీఎంల ద్వారానో, క్రిప్టో రూపంలోనో బయటపడుతుంది. ఆలోగా అడ్డుకట్ట వేయడమే పోలీసుల మొదటి పని. 1930 నంబరు ఇందుకోసమే ఉంది. 2021లో 155260 నంబరుతో మొదలైన ఈ సహాయ కేంద్రాన్ని తర్వాత 1930కి మార్చారు. ఫోన్ చేయగానే వివరాలు ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా సంబంధిత బ్యాంకుకు చేరుతాయి. సొమ్ము ఖాతాలో ఉంటే నిలుపుదల చేస్తారు. మరో బ్యాంకుకు వెళ్లి ఉంటే సమాచారం అక్కడికీ వెళ్తుంది. నల్గొండకో, హైదరాబాద్‌కో పరుగెత్తవలసిన పని లేదు.

ఫోన్ చేసే ముందు ఖాతా నంబరు, లావాదేవీ సంఖ్య, సమయం, పోయిన మొత్తం దగ్గర ఉంచుకోవాలి. 2019 ఆగస్టులో ప్రారంభమైన జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. నిలుపుదల అయిన సొమ్ము కోర్టు ఉత్తర్వులతో బాధితుడికి తిరిగి అందుతుంది. తెలంగాణలో 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇలా వాపసు ఇప్పిస్తున్నారు.

పొరపాటున వేసుకున్న యాప్‌ను వెంటనే తొలగించాలన్న ఆత్రం సహజం. ముందుగా ఇంటర్నెట్ ఆపేసి, ఫైలు వచ్చిన నంబరును, సందేశాన్ని మరో ఫోన్‌తో ఫొటో తీసి ఉంచాలి. మరో ఫోన్ నుంచే 1930కి, బ్యాంకుకు కాల్ చేయాలి. సాక్ష్యం చెరిగిపోతే దర్యాప్తు కుంటుపడుతుంది.

బ్యాంకు బాధ్యత ఎంత?

రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీచేసిన ఆదేశాలు ఈ విషయంలో ఖాతాదారుకు అండ. బ్యాంకు తప్పు గానీ, ఖాతాదారు తప్పు గానీ లేకుండా వ్యవస్థలో మరెక్కడో లోపం వల్ల సొమ్ము పోయినప్పుడు, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే ఖాతాదారుపై నష్టభారం పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే సాధారణ పొదుపు ఖాతాకు నష్టభారం రూ.10 వేలకు, ప్రాథమిక పొదుపు ఖాతాకు రూ.5 వేలకు మించదు. ఓటీపీ స్వయంగా చెప్పడం వంటి నిర్లక్ష్యం ఉంటే బ్యాంకుకు తెలిపే వరకు జరిగిన నష్టం ఖాతాదారుదే. తెలిపిన తర్వాత జరిగేది బ్యాంకుదే. తప్పు ఎవరిదైనా ఆలస్యం మాత్రం బాధితుడికే చేటు.

అద్దెకు ఖాతా.. జైలుకు బాట

కమీషన్ ఆశతో బ్యాంకు ఖాతాను, సిమ్‌ను ఇతరులకు అప్పగించేవారు కూడా నేరంలో భాగస్వాములవుతారు. దొంగ సొమ్ము దిగే మొదటి మెట్టు ఆ ఖాతాయే. పోలీసులు ముందుగా పట్టుకునేదీ ఆ ఖాతాదారునే. ఉద్యోగం లేని యువకులు, కళాశాల విద్యార్థులు ఈ వలలో పడకుండా పెద్దలు చూసుకోవాలి.

ఇవి పాటించాలి

- ఏపీకే ఫైలు ఎవరు పంపినా తెరవరాదు. యాప్‌లను ప్లేస్టోర్ నుంచే వేసుకోవాలి.
- ఆధార్ వెబ్‌సైట్‌లో లేదా ఎంఆధార్ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు. అవసరమైనప్పుడు తీసి, పని కాగానే తిరిగి వేయాలి. సందేహాలకు 1947కు ఫోన్ చేయాలి.
- తమ పేరిట ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. తమవి కాని నంబర్లపై అక్కడే ఫిర్యాదు చేయాలి.
- సిమ్ దుకాణంలో, నగదు ఏజెంటు వద్ద "ముద్ర పడలేదు, మళ్లీ పెట్టండి" అంటే ఎందుకో అడగాలి. వెంటనే వచ్చిన సందేశాలు సరిచూసుకోవాలి.
- జిరాక్స్ ఇచ్చేటప్పుడు దానిపై ఏ పనికి ఇస్తున్నారో, తేదీతో రాయాలి.

మోసపోయామని నలుగురికి తెలిస్తే నవ్వుతారన్న బిడియంతో చాలామంది ఇంట్లోవారికి సైతం చెప్పరు. నేరస్థుడికి కావలసింది ఆ మౌనమే. ఇంట్లో దొంగలు పడితే పదిమందినీ కేకవేసి పిలుస్తాం. ఫోన్‌లో దొంగ పడినప్పుడు వేయవలసిన కేక 1930. ఎంత త్వరగా వేస్తే సొమ్ము దక్కే ఆశ అంత ఎక్కువ.