రోజర్స్ పాస్, కుక్కలు, ఒక ధర్మసందేహం

కాల్గరీలో శీతాకాలపు శుక్రవారం సాయంత్రం ఏ ఆఫీసు పార్కింగులో నిలబడినా రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఇండియన్ స్టోరు మూసేలోపు కరివేపాకు దొరుకుతుందో లేదోనని పరుగెత్తే మాలాంటి వాళ్ళు ఒకరు. కారు నెత్తిన స్కీలు కట్టుకుని, వెనక సీట్లో కుక్కనెక్కించుకుని పడమటి కొండలకేసి బయల్దేరే వాళ్ళు ఇంకొకరు. వీళ్ళు పోయేది టిక్కెట్టు కొని లిఫ్టెక్కే రిసార్టులకి కాదు. బ్యాక్‌కంట్రీ అంటారు. లిఫ్టు లేదు, బాట లేదు, కాపలావాడు లేడు. స్కీల అడుగున 'స్కిన్స్' అనే పట్టీలు అంటించుకుని మూడు నాలుగు గంటలు కొండెక్కుతారు. ఒకప్పుడు సీల్ చర్మంతో చేసేవారు, ఇప్పుడు నైలానూ, మోహేరూ వాడుతున్నారు, పేరు మాత్రం చర్మమే. వెంట్రుకల వాలు ఒకవైపే ఉంటుంది కాబట్టి ముందుకి జారుతుంది, వెనక్కి జారదు. అంతసేపు ఎక్కి, పట్టీలు పీకేసి, అరగంటలో దిగిపోతారు. ఈ లెక్క నాకింకా అర్థం కాలేదు. దసరాకి తిరుపతి మెట్లెక్కే వాళ్ళని చూసి మా కొలీగులకీ ఇలాగే అనిపిస్తుందేమో.

ఈ కుక్కల సంగతేమిటని ఒకాయనని అడిగితే ఆయన చెప్పింది పది నిమిషాలు, నేను చదువుకున్నది రెండు చలికాలాలు. అదంతా ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే మర్చిపోతాను.

కథ మొదలుపెట్టాల్సింది కుక్క లేని చోట. కాల్గరీ నుంచి పడమరగా ట్రాన్స్-కెనడా హైవే మీద నాలుగు గంటలు వెళితే రోజర్స్ పాస్ వస్తుంది. ఎత్తు 1,330 మీటర్లు. కెనడియన్ పసిఫిక్ రైల్వే వాళ్ళకి దారి వెతికిన మేజర్ రోజర్స్ పేరు పెట్టారు. 1885లో రైలు పడింది. ఏడాదికి సుమారు పది మీటర్ల మంచు కురిసే చోట రైలు పట్టాలు వేయడమంటే గోదావరి లంకలో ఇల్లు కట్టుకోవడం లాంటిదే, ఎప్పుడన్నది తప్ప మునుగుతుందా అన్న అనుమానం ఉండదు. మొదటి పాతికేళ్ళలో మంచుచరియల కింద 200 మందికి పైగా పోయారు. (మన పేపర్లలో అవలాంచ్‌ని ఒకరోజు హిమపాతం అనీ, ఇంకోరోజు మంచుచరియలు అనీ రాస్తారు. హిమపాతం అంటే మంచు కురవడం కూడా కాబట్టి నేను రెండోదే వాడుతున్నాను.)

1910 మార్చి 4 రాత్రి. చియాప్స్ పర్వతం మీంచి ఒక మంచుచరియ జారి పట్టాల్ని కప్పేసింది. దాన్ని తవ్వడానికి రోటరీ నాగలి ఉన్న ఇంజనూ, పారలు పట్టుకున్న కూలీలూ వచ్చారు. అర్ధరాత్రి కాబోతుండగా ఎదురుగా ఉన్న కొండ మీంచి రెండోది దిగింది. 91 టన్నుల ఇంజన్ని పదిహేను మీటర్ల అవతలికి విసిరి తలకిందులుగా పడేసింది. 58 మంది చనిపోయారు, అందులో 32 మంది జపాన్ నుంచి వచ్చిన కూలీలు. సరిగ్గా మూడు రోజుల ముందు అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని వెల్లింగ్టన్ దగ్గర ఇలాగే ఆగి ఉన్న రైళ్ళ మీద మంచుచరియ పడి 96 మంది పోయారు.

రెవెల్‌స్టోక్ ఊరి నుంచి వందలమంది పారలూ గునపాలూ తీసుకుని వచ్చారు. వాళ్ళ దగ్గర ఉన్న పద్ధతి ఒక్కటే, తవ్వుకుంటూ పోవడం. మా భాషలో చెప్పాలంటే బ్రూట్ ఫోర్స్. ఎవరు ఎక్కడున్నారో తెలీదు, ఎంత లోతులో ఉన్నారో తెలీదు. మంచుచరియ ఆగిన మరుక్షణం సిమెంటులా బిగిసిపోతుంది, పార కూడా తేలిగ్గా దిగదు. ఆ తవ్వకంలో బయటికొచ్చినవన్నీ శవాలే. రైల్వే వాళ్ళకి అర్థమైంది. 1916 కల్లా కొండ కింద ఎనిమిది కిలోమీటర్ల కానాట్ సొరంగం తవ్వి, పైన పట్టాలు వదిలేశారు. నలభై ఏళ్ళు పైగా ఆ కనుమ నిశ్శబ్దంగా ఉండిపోయింది. తర్వాత 1962లో హైవే వచ్చింది. రోడ్డు మీదికి దిగే మంచుచరియల దారులు నూటికి పైగా ఉన్నాయి కాబట్టి కెనడా సైన్యం శతఘ్నులు తెచ్చి, మంచు పేరుకోకముందే పేల్చి దింపేయడం మొదలుపెట్టింది. మంచు మీద ఫిరంగులు పేల్చే ఉద్యోగం ఉందని మా నాన్నగారికి ఫోన్లో చెప్తే, "వాళ్ళకి వేరే పని లేదా" అన్నారు.

ఇక కుక్కలు. మంచులో కుక్కలు అనగానే అందరికీ మెళ్ళో సారా పీపా కట్టుకున్న సెయింట్ బెర్నార్డ్ గుర్తొస్తుంది. ఆ పీపా ఒట్టి కట్టుకథ. 1820లో లాండ్‌సీర్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు బొమ్మలో వేశాడు, అది పట్టుకుంది. చలిలో సారా తాగితే రక్తనాళాలు వెడల్పై ఒంట్లో వేడి ఇంకా తొందరగా పోతుంది. కానీ స్విట్జర్లాండు సన్యాసుల మఠంలో ఆ కుక్కలు మనుషుల్ని కాపాడటం నిజమే. 1800 నుంచి 1814 దాకా బతికిన బ్యారీ నలభై మందిని కాపాడిందంటారు, దాన్ని ఇప్పటికీ బెర్న్ మ్యూజియంలో చూడొచ్చు. మంచుచరియల్లో వెతకడం కోసమే పద్ధతి ప్రకారం శిక్షణ ఇవ్వడం మాత్రం 1940లో స్విస్ సైన్యం కోసం ఫెర్డినాండ్ ష్ముట్జ్ మొదలుపెట్టాడు. ఆయన ఎంచుకున్నవి జర్మన్ షెపర్డులు.

కెనడాకి ఈ విద్య ఇంకో ముప్పై ఏళ్ళకి గానీ రాలేదు. జాస్పర్ నేషనల్ పార్కులో ఆల్ఫీ బర్‌స్ట్రమ్ అనే వార్డెనూ, జింజర్ అనే ఆయన జర్మన్ షెపర్డూ ఈ దారిలో మొదటి జంట. ఆ తర్వాత 1980ల మొదట్లో స్కీ పెట్రోల్ వాళ్ళూ, వార్డెన్లూ కలిసి కెనడియన్ అవలాంచ్ రెస్క్యూ డాగ్ అసోసియేషన్ పెట్టుకున్నారు. అందరూ వాలంటీర్లే. కుక్క ఎవరిదో వాళ్ళదే, తిండి ఖర్చూ వాళ్ళదే.

కుక్క పని ఎలా చేస్తుందో చెప్పాలి. మంచు గట్టిగా కనిపించినా లోపలంతా గాలి సందులే. కింద చిక్కుకున్న మనిషి వాసన ఆ సందుల్లోంచి మెల్లగా పైకి పాకుతుంది. కుక్క గాలికి ఎదురుగా అటూ ఇటూ తిరుగుతూ, ఒక చోట తల చటుక్కున తిప్పి, ముక్కు మంచులో దూర్చి, ముందు కాళ్ళతో తవ్వడం మొదలెడుతుంది. ఇరవై మంది వరసగా నిలబడి పొడుగాటి కడ్డీలు గుచ్చుకుంటూ పోతే ఒక హెక్టారు, అంటే మన రెండున్నర ఎకరాల చెక్క, వెతకడానికి నాలుగు గంటలు పడుతుంది. ఒక్క కుక్కకి అరగంట. శిక్షణ మొత్తం ఆటే. మొదట యజమాని మంచు గుంటలో దాక్కుంటాడు, తర్వాత తెలిసినవాళ్ళు, తర్వాత ముక్కూ మొహం తెలీనివాళ్ళు. దొరికితే గుడ్డ పీలికతో లాగుడాట. కుక్క దృష్టిలో ఇదంతా దాగుడుమూతలు తప్ప మానవసేవ కాదు.

అయితే ఇక్కడే అసలు చిక్కు. మంచు కింద మనిషికి ఉన్న సమయం చాలా తక్కువ. స్విట్జర్లాండు లెక్కల్లో మొదటి 18 నిమిషాల దాకా చాలామంది బతికే ఉంటారు, ఆ తర్వాత గ్రాఫు గోతిలో పడ్డట్టు పడిపోతుంది. 2011లో కెనడా వాళ్ళు తమ ప్రమాదాలతో ఇదే లెక్క వేస్తే ఆ 18 కాస్తా 10 అయింది. ఇక్కడ చెట్లకీ రాళ్ళకీ కొట్టుకుని పోయేవాళ్ళు ఎక్కువ, పడమటి తీరం వైపు మంచు బరువూ ఎక్కువ. పది నిమిషాల్లో హెలికాప్టర్ కాదుగదా, ఫోను కూడా కలవదు. కుక్క ఎంత తెలివైనదైనా అది వచ్చేసరికి ఆట ముగిసిపోయి ఉంటుంది.

అందుకే 2000 డిసెంబర్లో ఫెర్నీ అనే చోట జరిగినదాన్ని ఇక్కడివాళ్ళు ఇంకా చెప్పుకుంటారు. లిఫ్టు దగ్గర పనిచేసే ఒక కుర్రాడు మంచుచరియ కింద పడ్డాడు. అతని దగ్గర సిగ్నల్ పంపే పరికరం లేదు. రాబిన్ సిగర్స్ అనే పెట్రోలరు దగ్గర కీనో అనే లాబ్రడార్ ఉంది. అదే కొండ మీద ఉంది కాబట్టి వెంటనే వచ్చింది. ఇరవై నిమిషాలకు పైగా మంచు కిందున్న అతని చేతి గ్లవ్ పీకి పైకి తెచ్చింది. మనిషి బతికాడు. శిక్షణ పొందిన కుక్క కెనడాలో మంచుచరియ కింది మనిషిని ప్రాణంతో పట్టుకోవడం అదే మొదలు. అంటే జింజర్ నుంచి చూస్తే ముప్పై ఏళ్ళ పాటు ఈ కుక్కలు వెతికి తెచ్చింది శవాల్నే. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. ముప్పై ఏళ్ళు సొంత ఖర్చుతో కుక్కని పెంచి, శవాల కోసం తిప్పడానికి ఎంత ఓపిక కావాలి?

మనకి దీని విలువ తెలిసిన సందర్భం ఒకటుంది. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మద్రాస్ రెజిమెంటు జవాన్లు పదిమంది మంచు కింద పడ్డారు. అందులో మన కర్నూలు జిల్లా ముస్తాక్ అహ్మద్ కూడా ఉన్నాడు. డాట్, మిషా అనే కుక్కలు ఆ చోటు పట్టుకున్నాయి. ఆరు రోజుల తర్వాత హనుమంతప్ప ప్రాణాలతో దొరికాడు, ఢిల్లీ ఆసుపత్రిలో ఫిబ్రవరి 11న పోయాడు. మిగతా తొమ్మిది మందీ అక్కడే పోయారు, కానీ ఇళ్ళకి చేరారు. కర్నూలులో ఒక ఇంటి ముందు జనాజా లేవడం వేరు, ఎప్పటికీ "ఆచూకీ లేదు" అన్న కాగితం దగ్గర పెట్టుకుని కూర్చోవడం వేరు.

రోజర్స్ పాస్‌కి మళ్ళీ రావాలి. 2003 ఫిబ్రవరి 1 మనందరికీ గుర్తున్న తేదీ. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు కొలంబియాతో పాటు కాలిపోయిన రోజు. అదే రోజు కానాట్ క్రీక్ లోయలో, అదే చియాప్స్ పర్వతం కింద, కాల్గరీ దగ్గరి స్ట్రాత్‌కోనా-ట్వీడ్స్‌మ్యూర్ స్కూలు పిల్లలు పధ్నాలుగు మంది, పెద్దలు ముగ్గురు స్కీల మీద వెళ్తుండగా మంచుచరియ వచ్చింది. ఏడుగురు పిల్లలు చనిపోయారు. మిగతావాళ్ళు బతకడానికి కారణం, దగ్గర్లో ఉన్న మరో ఇద్దరు స్కీయర్లు వెంటనే దిగి తవ్వడం, అందరి ఒంటి మీదా ట్రాన్స్‌సీవర్లు ఉండటం. 457 కిలోహెర్ట్జ్ మీద టిక్ టిక్ మంటూ సిగ్నల్ పంపే అరచేయంత పెట్టె అది. ఆ చలికాలం కెనడాలో మంచుచరియలకి 29 మంది పోయారు. మరుసటి ఏడాది కెనడియన్ అవలాంచ్ సెంటర్ పుట్టింది, ఏ లోయ ఎంత ప్రమాదమో మూడు తరగతులుగా చెప్పే పద్ధతీ వచ్చింది.

ఇప్పుడు ధర్మసందేహం. తనతో పాటు కొండెక్కే సొంత కుక్కకి కూడా ఆ పెట్టె కట్టాలా? ఇక్కడి స్కీయర్లు దీని మీద పోట్లాడుకున్నంతగా మనవాళ్ళు సినిమా హీరోల మీద కూడా పోట్లాడుకోరు. కడితే, మనిషీ కుక్కా కలిసి కూరుకుపోయినప్పుడు వెతికేవాడి పెట్టెకి రెండూ ఒకటే సిగ్నల్. ఆ పది నిమిషాల్లో ఎనిమిది కుక్కని తవ్వడానికి ఖర్చయిపోవచ్చు. కట్టకపోతే, నమ్మి వెంటవచ్చినదాన్ని మంచులో వదిలేసినట్టు. మనుషుల పెట్టెలకి వినపడకుండా వేరే ఫ్రీక్వెన్సీ మీద పంపే చిన్న ట్రాన్స్‌మిటర్లు తర్వాత వచ్చాయి, ముందు మనిషిని తీసి ఆ తర్వాత కుక్కని వెతకొచ్చు. ఇంజనీరుగా నాకిది నచ్చింది. ప్రయారిటీ క్యూ!

మహాభారతం మొదట్లో సరమ అనే కుక్క ఉంది, చివర్లో ధర్మరాజు వెంట కుక్క ఉంది. చిన్నప్పుడు విన్నప్పుడు కుక్క కోసం స్వర్గం వద్దన్నాడని మెచ్చుకున్నాం. ఇక్కడి మంచు గురించి చదివాక ఆ కథలో ఇంకోటి గుచ్చుకుంటోంది. ద్రౌపది పడిపోయింది, తమ్ముళ్ళు ఒక్కొక్కరే పడిపోయారు, ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. కుక్క దగ్గర మాత్రం ఆగాడు. రోజర్స్ పాస్‌లో ఇలా చేస్తే ఆయన్ని రెండోసారి ఎవరూ వెంట తీసుకెళ్ళరు.

నిజానికి చాలామంది అనుభవజ్ఞులు పెద్ద కొండలకి కుక్కనే తీసుకెళ్ళరు. లోతు మంచులో అది ఈదినట్టు గెంతి గెంతి అలసిపోతుంది, కాలివేళ్ళ మధ్య మంచు ఉండలు కడుతుంది, దిగేటప్పుడు యజమాని స్కీ అంచుకే కాలు తెగుతుంది. పైగా నేషనల్ పార్కుల్లో కుక్కని గొలుసు లేకుండా వదలకూడదన్నది చట్టం. మా కొలీగు తీసుకెళ్ళేది చెట్ల మధ్య చదును దారులకేనట. నాకది తర్వాత చెప్పాడు.

శవం దొరికిన రోజు కుక్కలు డీలా పడతాయని వాటి యజమానులు చెప్తారు. ఆట గెలిచినట్టు అనిపించదు కాబోలు. అందుకని చాలామంది, అంతా అయిపోయాక, సాయంత్రం చీకటి పడేలోపు ఇంకో గుంట తవ్వి, ఒకతన్ని అందులో పడుకోబెట్టి, పైన మంచు కప్పి, కుక్కని వదులుతారు.