బ్రిటన్‌లో వలస అస్తిత్వం, బహుళ సంస్కృతి

పొట్ట చేత పట్టుకుని ఊరు విడవడాన్ని తెలుగులో వలస అంటాం. పరాయి దేశాన్ని ఏలడాన్నీ వలస పాలన అనే అంటాం. బ్రిటన్ బహుళ సంస్కృతి చరిత్రలో ఈ రెండు వలసలదీ ఒకే కథ. రెండో ప్రపంచ యుద్ధం తరవాతి దశాబ్దాల్లో అక్కడ స్థిరపడిన కరీబియన్, దక్షిణాసియా, ఆఫ్రికా ప్రజల్లో చాలామంది ఆ దేశపు ఏలుబడిని చూసినవారే. పాలకుల భాషలో చదువుకుని, పాలకుల దేశానికే వెళ్లి, అక్కడ పరాయివారిగా నిలబడిన అనుభవం లోంచి ఒక సాహిత్యం పుట్టింది.

మూలాలు ఇంకా పాతవి. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో పనిచేసిన ఆసియా నావికులు, లస్కర్లు, కొందరు లండన్ రేవుల్లోనే ఉండిపోయేవారు. బానిసత్వం నుంచి బయటపడ్డ ఒలౌడా ఇక్వియానో ఆత్మకథ 1789లో అచ్చయింది. పట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ 1794లో ఇంగ్లీషులో తన యాత్రాగ్రంథం ప్రచురించాడు, 1810లో లండన్‌లో భారతీయ భోజనశాల తెరిచాడు.

అసలు మలుపు 1948. ఆ ఏటి బ్రిటిష్ జాతీయతా చట్టం బ్రిటన్ ప్రజలకూ వలస రాజ్యాల ప్రజలకూ ఒకే పౌరసత్వం ఇచ్చింది. ఆ జూన్ 22న ‘ఎంపైర్ విండ్‌రష్’ ఓడలో కొన్ని వందల మంది కరీబియన్లు టిల్బరీ రేవులో దిగారు. యుద్ధంలో చితికిపోయిన దేశానికి పనివాళ్లు కావాలి. అదే ఏడాది మొదలైన జాతీయ ఆరోగ్య సేవకు నర్సులు, డాక్టర్లు కావాలి. లండన్ రవాణా సంస్థ 1956 నుంచి బార్బడోస్‌లోనే మనుషుల్ని ఎంపిక చేసుకుంది. పని దొరికింది గాని అద్దెకు గది దొరకడం గగనమైంది. నల్లవాళ్లకు ఇవ్వమని ఇంటివాళ్లు మొహం మీదే చెప్పేవారు.

ఈ తరానికి గొంతునిచ్చిన రచయితల్లో శామ్ సెల్వన్‌ది ప్రత్యేక స్థానం. ట్రినిడాడ్‌లో భారతీయ సంతతి కుటుంబంలో పుట్టిన సెల్వన్, బార్బడోస్ రచయిత జార్జ్ లామింగ్ 1950లో ఒకే ఓడలో ఇంగ్లండు చేరారు. బీబీసీ ‘కరీబియన్ వాయిసెస్’ రేడియో కార్యక్రమం వీరి రచనలను దీవుల్లో వినిపించేది. సెల్వన్ 1956లో ‘ది లోన్లీ లండనర్స్’ నవల వెలువరించాడు. మొదట గ్రాంథికపు ఇంగ్లీషులో రాయబోతే కలం సాగలేదు. సంభాషణలకు మాత్రమే యాస వాడి, కథనం శిష్టభాషలో నడపడం అప్పటి మర్యాద. సెల్వన్ దాన్ని పక్కనబెట్టి కథ చెప్పే గొంతుకే ట్రినిడాడ్ పలుకుబడి ఇచ్చాడు. ఆ తరవాత నవల చకచకా పూర్తయింది. మాండలికం కథనానికి పనికొస్తుందా అన్న వాదం తెలుగులోనూ ఎంత కాలం నడిచిందో తెలిసిన పాఠకులకు ఈ నిర్ణయం విలువ వేరే చెప్పక్కర్లేదు. వాటర్లూ స్టేషన్లో పొగమంచులో కొత్తవాళ్ల కోసం ఎదురుచూసే మోజెస్, చలి లెక్కచేయక పల్చటి సూటులో దిగే గలహాడ్, ఆ భాషలో కాక మరో భాషలో బతకలేరు.

1958లో నాటింగ్ హిల్‌లో నల్లవారిపై దాడులు జరిగాయి. జవాబుగా పాత్రికేయురాలు క్లాడియా జోన్స్ 1959 జనవరిలో ఓ హాల్లో కార్నివాల్ జరిపింది. చట్టాలు మాత్రం రెండు వైపులా లాగాయి. 1962 చట్టం ప్రవేశానికి వోచర్లు పెట్టింది. కెన్యా నుంచి భారతీయులు రావడం పెరిగితే, 1968లో పార్లమెంటు మూడు రోజుల్లో చట్టం చేసి, చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవారికే తలుపు మూసింది. ఈ కాలంలోనే జాతి వివక్షను నిషేధిస్తూ 1965, 1968, 1976 చట్టాలు వచ్చాయి. కలిసిపోవడమంటే అందరినీ ఒకే మూసలో పోయడం కాదని, సమాన అవకాశం, భిన్న సంస్కృతులు, పరస్పర సహనం కలిసి ఉండడమని హోం మంత్రి రాయ్ జెంకిన్స్ 1966లో చెప్పాడు. బహుళ సంస్కృతి విధానానికి ఇది తొలి నిర్వచనమంటారు. ఆచరణ మాత్రం వీధుల్లో, పనిచోట్ల తేలింది. వూల్వర్‌హాంప్టన్‌లో సిక్కు బస్సు కార్మికులు తలపాగా, గడ్డంతో పనిచేసే హక్కు కోసం రెండేళ్లు పోరాడి 1969లో గెలిచారు. వలసలపై 1968లో విషం కక్కిన ఈనక్ పావెల్ ఆ ఊరి ఎంపీయే.

1970లలో ‘నల్లవారు’ అన్న మాట కింద ఆఫ్రికన్, కరీబియన్ ప్రజలతో పాటు ఆసియావారూ నిలిచారు. అది రంగు పేరు కాదు, పోరాటం పేరు. 1979లో ఏర్పడిన సౌతాల్ బ్లాక్ సిస్టర్స్‌లో ఆసియా స్త్రీలు ముందున్నారు. లింటన్ క్వేసి జాన్సన్ జమైకా యాసలో, రెగే లయలో పోలీసు దౌర్జన్యాన్ని కవిత్వం చేశాడు. నైజీరియా నుంచి వచ్చిన బుచి ఎమెచెటా ‘సెకండ్ క్లాస్ సిటిజన్’ (1974)లో ఇంటి బయటి వివక్షనూ ఇంట్లో భర్త పెట్టే హింసనూ ఒకే చూపుతో చూసింది.

‘నల్లవారు’ అన్న ఆ ఉమ్మడి గొడుగు 1989లో చిరిగింది. సల్మాన్ రష్దీ నవల ‘ది సాటానిక్ వర్సెస్’ తమ మతాన్ని అవమానించిందంటూ దాని ప్రతిని జనవరిలో బ్రాడ్‌ఫర్డ్ ముస్లింలు తగలబెట్టారు. ఫిబ్రవరి 14న ఇరాన్ అధినేత ఖొమేనీ రష్దీని చంపాలని ఫత్వా ఇచ్చాడు. వలస జీవితపు చీలికల గురించి రాసిన నవలే వలస సమాజాన్ని చీల్చడం ఈ చరిత్రలోకెల్లా బాధాకరమైన ఘట్టం. ‘నల్లవారు’ ‘ఆసియావారు’ అన్న గుర్తింపుల పక్కన మతం పేరుతో గుర్తింపు బలపడింది. హనీఫ్ కురేషీ ‘ది బుద్ధా ఆఫ్ సబర్బియా’ (1990) చూపింది మరో చిక్కు. కథానాయకుడు కరీం లండన్ శివార్లలో పుట్టి పెరిగినవాడు. ‘జంగిల్ బుక్’ నాటకంలో మోగ్లీ వేషం ఇచ్చి, ఒంటికి గోధుమరంగు పూసి, భారతీయ యాస పట్టమంటారు. పుట్టిన దేశంలోనే పరాయివాడిగా నటించాల్సి రావడం రెండో తరం సమస్య.

1993లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుణ్ణి తెల్లవారి ముఠా చంపింది. దర్యాప్తును పరిశీలించిన మాక్‌ఫర్సన్ నివేదిక 1999లో పోలీసు శాఖలో సంస్థాగత జాతివివక్ష ఉందని తేల్చింది. ఆ మరుసటేడు వచ్చిన జేడీ స్మిత్ ‘వైట్ టీత్’, తరవాత ఆండ్రియా లెవీ ‘స్మాల్ ఐలండ్’ (2004) పెద్ద ఆదరణ పొందాయి. మోనికా అలీ ‘బ్రిక్ లేన్’ (2003)పై మాత్రం తమను కించపరిచిందంటూ ఆ లండన్ వీధిలోని సిల్హెటీలు (బంగ్లాదేశ్ సిల్హెట్ ప్రాంతం వారు) కొందరు నిరసన తెలిపారు. ఒక సమాజం తరఫున మాట్లాడే హక్కు ఎవరిదన్న ప్రశ్న అక్కడ తెగలేదు.

2001లో ఓల్డమ్, బర్న్‌లీ, బ్రాడ్‌ఫర్డ్‌లలో అల్లర్లు, 2005లో లండన్ బాంబు దాడులు జరిగాక గాలి మారింది. బహుళ సంస్కృతి విధానం విఫలమైందని ప్రధాని డేవిడ్ కామెరాన్ 2011లో మ్యూనిక్‌లో ప్రకటించాడు. అంతకన్నా లోతైన గాయం 2018లో బయటపడింది. విండ్‌రష్ తరంలో పసిపిల్లలుగా వచ్చి, దశాబ్దాలు పన్ను కట్టి, ముసలివాళ్లయిన వారిని కాగితాలు చూపమన్నారు. పలువురు ఉద్యోగాలు, వైద్యం పోగొట్టుకున్నారు, కొందరిని దేశం నుంచే పంపేశారు. వారు ఎప్పుడు దిగారో రుజువు చేయగల పాత ల్యాండింగ్ కార్డులను ప్రభుత్వ శాఖే 2010లో నాశనం చేసింది. హోం మంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేసింది.

ఈ వలసల్లో తెలుగువారూ ఉన్నారు. వారు అక్కడ ఎక్కువగా డాక్టర్లుగా, ఆ తరవాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగులుగా, విద్యార్థులుగా స్థిరపడ్డారు. 2021 జనగణన ప్రకారం ఇంగ్లండు, వేల్స్ జనాభాలో ఆసియా సంతతివారు 9.3 శాతం. ఆ ఏడాదే జాంజిబార్ నుంచి 1968లో బ్రిటన్ చేరిన రచయిత అబ్దుల్‌రజాక్ గుర్నాకు నోబెల్ సాహిత్య బహుమతి వచ్చింది. ఆయన ‘బై ద సీ’ (2001) నవలలో ఒక ముసలాయన గాట్విక్ విమానాశ్రయంలో ఆశ్రయం కోరతాడు, ఇంగ్లీషు రానట్టు నటిస్తాడు. తన ముందున్న అధికారి తల్లిదండ్రులూ రుమేనియా నుంచి వచ్చినవారే. ముసలాయన ఇంటి నుంచి మోసుకొచ్చిన చిన్న పెట్టెలో అగరు ధూపం ఉంటుంది. అధికారి ఆ పెట్టెను తీసేసుకుంటాడు.