ఇంగ్లీషు పీఠం నుంచి కన్నడ నవోదయానికి: ఆచార్య బి.ఎం. శ్రీకంఠయ్య జీవితం, సాహిత్య కృషి – ఒక పరిశీలన

ప్రవేశిక

ఆధునిక భారతీయ సాహిత్యాల వికాసంలో ఇంగ్లీషు చదువు పాత్ర గురించి విస్తారంగా చర్చ జరిగింది. ఆ చదువు చెప్పిన ఆచార్యుల పాత్ర గురించి జరిగిన చర్చ మాత్రం తక్కువ. తరగతి గదిలో ఇంగ్లీషు కవిత్వం బోధిస్తూ, గది వెలుపల మాతృభాషా సాహిత్య గమనాన్ని మలుపు తిప్పిన వ్యక్తి పొరుగున ఉన్న కన్నడ దేశంలో ఒకరున్నారు. ఆయన బెళ్లూరు మైలారయ్య శ్రీకంఠయ్య (1884–1946). కన్నడిగులు ఆయనను 'బి.ఎం.శ్రీ' అని, 'కన్నడద కణ్వ' అని పిలుచుకుంటారు. ఆయన జీవితాన్ని, కృషిని పరిచయం చేసి, ఛందస్సు, అనుసరణ, విషాదాంత నాటకం అనే మూడు అంశాలలో ఆయన సాధించినదాన్ని తెలుగు నవ్యకవిత్వ చరిత్రతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

జీవిత రేఖలు

శ్రీకంఠయ్య 1884 జనవరి 3న తుమకూరు ప్రాంతంలోని సంపిగె గ్రామంలో జన్మించారు. తండ్రి మైలారయ్య న్యాయవాది. మైసూరులోను, బెంగుళూరు సెంట్రల్ కళాశాలలోను చదువు సాగింది. అనంతరం మద్రాసులో న్యాయశాస్త్ర పట్టం, ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఎ. పట్టం పొందారు. వకీలు వృత్తికి కావలసిన అర్హత ఉన్నా అధ్యాపకత్వాన్నే ఎంచుకొని, మైసూరు మహారాజా కళాశాలలో ఇంగ్లీషు బోధకులుగా చేరారు.

ఆ కళాశాల వాతావరణం తెలుగు పరిశోధకులకు అపరిచితం కాదు. 'ముసలమ్మ మరణము', 'కవిత్వతత్త్వ విచారము' రచించిన కట్టమంచి రామలింగారెడ్డి అక్కడే ఆచార్యులుగా, ప్రిన్సిపాలుగా పనిచేశారు. అనంతపురం సీమకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1912లో తెలుగు పండితులుగా అక్కడ చేరి 1949 వరకు కొనసాగారు. తెలుగు విమర్శకు కొత్త చూపు నిచ్చిన కట్టమంచి, తెలుగు కన్నడాలు రెండింటిలోనూ రచన సాగించిన రాళ్లపల్లి, ఇంగ్లీషు పాఠాలు చెబుతూ కన్నడ కవిత్వానికి కొత్త దారి వెతికిన శ్రీకంఠయ్య, ముగ్గురూ ఒకే కళాశాల ఆవరణలో మసలిన కాలం ఒకటుంది. దక్షిణ భారత సాహిత్య చరిత్రలో ఈ సాన్నిహిత్యానికి దక్కవలసినంత పరిశీలన ఇంకా దక్కలేదు.

1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. సంస్థానాలలో వెలసిన విశ్వవిద్యాలయాలలో అది మొదటిది. 1926 నుంచి 1930 వరకు శ్రీకంఠయ్య దానికి రిజిస్ట్రారుగా ఉన్నారు. కన్నడంలో ఎం.ఎ. తరగతులు ఆరంభమైనది ఈ కాలంలోనే. 1928లో గుల్బర్గాలో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనానికి ఆయన అధ్యక్షత వహించారు. 1938లో మైసూరు మహారాజు 'రాజసేవాసక్త' బిరుదుతో గౌరవించారు. చివరి దశలో ధారవాడలో కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేస్తూ, 1946 జనవరి 5న అక్కడే కన్నుమూశారు.

తల ఎత్తే దారి

శ్రీకంఠయ్య ఆలోచనలకు బీజం 1911లో ధారవాడలోని విద్యావర్ధక సంఘంలో చేసిన ప్రసంగంలో కనిపిస్తుంది. 'కన్నడ మాతు తలె ఎత్తువ బగె' అన్నది దాని శీర్షిక. కన్నడ భాష తల ఎత్తుకొనే విధం అని అర్థం. ఇంగ్లీషు పాఠం చెప్పుకొని బతికే ఒక యువ అధ్యాపకుడు ఎన్నుకున్న విషయం ఇది! చదువుకున్నవారు మాతృభాషను ఇంటి మాటగా మాత్రమే వాడి, ఆలోచనకు ఇంగ్లీషును, పాండిత్యానికి సంస్కృతాన్ని ఆశ్రయిస్తున్న కాలమది. ఇంగ్లీషు వచ్చినవారే కన్నడానికి ఋణపడి ఉన్నారన్నది ఆయన జీవితమంతా ఆచరణలో చూపిన సూత్రం.

దాదాపు అదే కాలంలో తెలుగునాట గిడుగు, గురజాడ వ్యావహారిక భాష కోసం పోరాడుతున్నారు. అయితే ఒక భేదాన్ని గమనించాలి. తెలుగులో ఆ పోరాటం ప్రధానంగా పాఠ్యపుస్తకాల భాష చుట్టూ, వచనం చుట్టూ నడిచింది. శ్రీకంఠయ్య దృష్టి ప్రధానంగా కవిత్వం మీద నిలిచింది. భాష తల ఎత్తుకోవాలంటే ముందు దాని పాట మారాలని ఆయన భావించినట్లు ఆయన రచనలు సూచిస్తాయి.

'ఇంగ్లిష్ గీతగళు': అనువాదమా, అనుసరణమా?

1926 నాటి 'ఇంగ్లిష్ గీతగళు' సంపుటి శ్రీకంఠయ్య కీర్తికి మూలాధారం. బర్న్స్, వర్డ్స్‌వర్త్, షెల్లీ మొదలైనవారి గీతాలకు ఇందులో కన్నడ రూపాలున్నాయి. ఇంగ్లీషు తరగతులలో పాఠ్యంగా చదువుకున్న గీతాలే అవి. న్యూమన్ రచించిన ప్రార్థనా గీతానికి ఆయన చేసిన కన్నడ రూపం, మూలం ఇంగ్లీషన్న స్పృహ లేకుండానే కన్నడిగులు పాడుకొనే పాటగా స్థిరపడింది.

ఆయన పద్ధతికి టామస్ కాంప్‌బెల్ రాసిన 'లార్డ్ ఉల్లిన్స్ డాటర్' కథాగీతం మంచి ఉదాహరణ. ప్రియుడితో పారిపోతున్న ప్రభువు కుమార్తె, వెంబడించే తండ్రి, తుఫానులో మునిగే పడవ – ఇదీ మూలకథ. కన్నడంలో దీని పేరు 'కరియ హెగ్గడెయ మగళు'. స్కాట్లండు ప్రభువు హెగ్గడె అయ్యాడు, ప్రియుడు పడమటి దిబ్బ గౌడు అయ్యాడు, పడవవాడు తొరెయవాడయ్యాడు. పేర్లు మార్చడంతో పని ముగియలేదు. హెగ్గడె, గౌడు అనగానే కన్నడ పాఠకుడికి ఊరి పెత్తనం, కుల గౌరవం, పరువు కోసం పగ అన్నీ స్ఫురిస్తాయి. మూలంలోని తెగల వైరం ఇక్కడ తెలిసిన సమాజపు వైరమైంది. కాబట్టి దీన్ని అనువాదం అనడం కంటే అనుసరణం అనడమే సమంజసం.

తెలుగులో ఇటువంటి యత్నం అంతకు ముందే జరిగింది. రాయప్రోలు సుబ్బారావు 'లలిత'కు గోల్డ్‌స్మిత్, 'అనుమతి'కి టెన్నిసన్ ఆధారం. రాయప్రోలు ఆ కథలను ఖండకావ్యాలుగా, సంప్రదాయ పద్యశైలికి సన్నిహితంగా మలిచారు. శ్రీకంఠయ్య గీతం అనే ప్రక్రియనే దిగుమతి చేసుకొని, దానికి తగిన నడకను దేశిలో వెతికారు. ఈ భేదం ఛందస్సును పరిశీలిస్తే స్పష్టమవుతుంది.

ఛందస్సు: కొత్తదారిలో పాత నడక

'కరియ హెగ్గడెయ మగళు' తొలి చరణాన్ని గణవిభజన చేస్తే, మొదటి మూడు పాదాలు వరుసగా 3+4+3+4 మాత్రలుగా విడిపోతాయి. నాలుగో పాదం వాటికంటే కురచ. ఈ నడక తెలుగు పాఠకునికి తెలిసినదే: 1910లో గురజాడ 'ముత్యాల సరాలు'లో ప్రవేశపెట్టిన చతుష్పాద నిర్మాణం దాదాపు ఇదే. మూడు పాదాలు పద్నాలుగేసి మాత్రలతో మిశ్రగతిలో సాగి, నాలుగో పాదం కుదించుకొని ఆగుతుంది.

ఈ సామ్యాన్ని చూసి ఒకరి ప్రభావం మరొకరి మీద పడిందని తేల్చడం తొందరపాటు. దానికంటే సమంజసమైన వివరణ ఉభయ భాషల దేశి ఛందస్సులోనే దొరుకుతుంది. కన్నడంలో కుమారవ్యాసుడు భారతాన్ని రచించిన భామినీ షట్పదిలోని చిన్న పాదాల కొలత సరిగ్గా 3+4+3+4. గమకులు సభలో చదివి వినిపించగా శతాబ్దాలుగా కన్నడ చెవులకు అలవాటైన లయ అది. తెలుగులో వృషభగతి రగడకూ ఆ మాత్రల కూర్పే ఆధారం. గురజాడ ఛందస్సుకు పారశీక గజల్ లయను, వృషభగతి రగడను మూలాలుగా మన విమర్శకులు చెబుతూ వచ్చారు. కన్నడ సాక్ష్యం ఈ రెండో మూలానికి బలం చేకూరుస్తుంది. ఇంగ్లీషు బాలడ్ వంటి చిన్న చతుష్పాద కథాగీతాన్ని దక్షిణ దేశభాషలోకి తేబోతే, కవి ఎవరైనా చేతికి అందే సహజమైన నడక ఇదేనని చెప్పవచ్చు.

ప్రాస విషయంలోనూ ఇటువంటి జాగ్రత్తే అవసరం. తెలుగు వృత్తాలలో వలెనే కన్నడ పద్యంలోనూ ద్వితీయాక్షర ప్రాస తప్పనిసరి. మంజేశ్వర గోవింద పై 1911లోనే దాన్ని విడిచిపెట్టి కలకలం రేపారు. శ్రీకంఠయ్యను కూడా ప్రాసను తోసివేసిన కవిగానే సాధారణంగా పేర్కొంటారు. కానీ పైన చెప్పిన కథాగీతం తొలి చరణంలో నాలుగు పాదాలకూ 'డ'కార ప్రాస చక్కగా కుదిరింది. నాష్ రచించిన వసంతగీతానికి ఆయన చేసిన రూపంలో మాత్రం ఆది ప్రాస పోయి, అంత్యప్రాస దాని స్థానంలోకి వచ్చింది. అంటే ఆయన ప్రాసను నిషేధించలేదు, దాని నిర్బంధాన్ని తొలగించారు. గీతం స్వభావాన్ని బట్టి ఉంచుకోవడమో విడవడమో కవి నిర్ణయానికి వదిలారు. సంప్రదాయ విచ్ఛేదంగా కనిపించేదానిలో ఎంత అవిచ్ఛిన్నత ఉందో దీనివల్ల తెలుస్తుంది.

రుద్రనాటకం: చిరంజీవి మరణం

శ్రీకంఠయ్య గ్రీకు నాటకాన్ని శ్రద్ధగా అధ్యయనం చేశారు. ట్రాజెడీకి 'రుద్రనాటకం' అన్న పేరు కన్నడంలో ఆయన ద్వారానే ప్రచారం పొందింది. ఈ దృష్టితో ఆయన మూడు నాటకాలు రచించారు. 'గదాయుద్ధ నాటకం' పదో శతాబ్ది కవి రన్నని చంపూకావ్యానికి నాటకరూపం. ఇందులో దుర్యోధనుడు ప్రతినాయకుడు కాడు, పతనంలోనూ ఔన్నత్యం కోల్పోని విషాద నాయకుడు. గ్రీకు దృష్టితో చదివిన ఆచార్యునికి ప్రాచీన కన్నడ కావ్యంలోనే విషాద నాయకుడు కనిపించాడన్నమాట. 'పారసీకరు' ఎస్కిలస్ నాటకానికి కన్నడ రూపం.

ఎక్కువ వివాదానికి గురైనది 'అశ్వత్థామన్'. సొఫోక్లిస్ 'ఎజాక్స్' కథను ఆయన మహాభారతానంతర సన్నివేశంలో నిలిపారు. అవమానం, ఉన్మాదం, పశ్చాత్తాపం, ఆత్మహత్య అన్న గ్రీకు క్రమం అశ్వత్థామకు సంక్రమించింది. పురాణం చిరంజీవి అన్నవాడు రంగస్థలం మీద మరణించడం సంప్రదాయజ్ఞులకు మింగుడు పడలేదు. ఆక్షేపణలో సబబు లేకపోలేదు. అశ్వత్థామకు చావు లేకపోవడమే భారతం విధించిన శిక్ష; చావునిస్తే ఆ శిక్ష తొలగి, పాత్ర బరువు మారిపోతుంది. అయినా నాటకకర్త ఎదుర్కొన్న ప్రశ్న నిజమైనది: కర్మఫలం, పునర్జన్మ నమ్మే సమాజంలో విషాదానికి అంతం ఎక్కడ? ఆ ప్రశ్నను పండిత చర్చగా వదిలేయక రంగస్థలం మీద పరీక్షించడం ఆయన సాహసం.

తెలుగులో విషాదాంత నాటకానికి ధర్మవరం రామకృష్ణమాచార్యుల 'విషాద సారంగధర' ఆద్యంగా చెబుతారు. అది తెలుగు కన్నడాలు కలిసి వినిపించే బళ్లారిలో పుట్టింది. బళ్లారి రంగస్థలాన్ని, మైసూరు రుద్రనాటకాన్ని కలిపి చదివితే విషాదాంత నాటక చరిత్ర మరింత సమగ్రమవుతుంది.

సంస్థా నిర్మాత

శ్రీకంఠయ్య రాసిన స్వతంత్ర కవితలు సంఖ్యలో ఎక్కువ కావు. అవి 'హొంగనసుగళు' సంపుటిగా 1943లో వెలువడ్డాయి. అనంతర తరం మీద ఆయన ముద్రకు పుస్తకాలతో పాటు సంస్థలూ కారణం. కన్నడ ఎం.ఎ. తరగతులు, పరిషత్తు కార్యక్రమాలు, విద్యార్థుల కోసం వెలువడిన 'కన్నడ కైపిడి'లోని భాషా ఛందశ్చరిత్రలు ఇందులోకి వస్తాయి. మహారాజా కళాశాలలో చదివి 1929లో కన్నడ ఎం.ఎ. పూర్తి చేసిన కువెంపు, బ్రౌనింగ్ 'పైడ్ పైపర్' కథను 'కిందరిజోగి'గా కన్నడ పిల్లలకు అందించడంలో ఈ అనుసరణ మార్గపు కొనసాగింపు కనిపిస్తుంది.

1928 గుల్బర్గా సమ్మేళనానికి తెలుగువారి చరిత్రలోనూ అర్థముంది. గుల్బర్గా అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసిన పదేళ్లకు, సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ పత్రిక' మొదలైన రెండేళ్లకు ఆ సభ జరిగింది. మైసూరు సంస్థానంలో కొలువు, బొంబాయి రాష్ట్రపు ధారవాడలో తొలి ప్రసంగం, తుది శ్వాస, నిజాం రాజ్యంలో అధ్యక్ష పీఠం – ఆయన జీవితయాత్రే ముక్కలైన కన్నడ సీమల పటం. మద్రాసు రాష్ట్రానికి, నిజాం రాజ్యానికి మధ్య చీలి ఉన్న తెలుగువారికి ఈ స్థితి సుపరిచితం.

పరిమితులు

శ్రీకంఠయ్య కృషికి హద్దులున్నాయి. ఆయన ఎంపిక ప్రధానంగా ఇంగ్లీషు పాఠ్య సంకలనాల అభిరుచికి లోబడింది. ప్రేమ, ప్రకృతి, వీరమరణం, భక్తి – ఇవే కవితావస్తువులుగా స్థిరపడ్డాయి. ఆయన సంపుటి వెలువడే నాటికి ఇంగ్లీషు కవిత్వమే మరో మలుపు తిరిగింది. ఆ మలుపును కన్నడంలోకి తెచ్చి, నవోదయ కవిత్వపు మెత్తదనాన్ని ప్రశ్నించిన గోపాలకృష్ణ అడిగ కూడా ఇంగ్లీషు అధ్యాపకుడే కావడం గమనార్హం. ఒక ఇంగ్లీషు పీఠం తెరచిన ద్వారాన్ని మరొక ఇంగ్లీషు పీఠం సరిదిద్దింది.

ముగింపు

పై పరిశీలనను బట్టి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది: శ్రీకంఠయ్య ఇంగ్లీషు నుంచి తెచ్చినది ప్రక్రియను, దృష్టిని, నడకను మాత్రం దేశి నుంచే తీసుకున్నారు. రెండవది: ముత్యాల సరానికీ కన్నడ కథాగీతానికీ ఉన్న గతిసామ్యం, గురజాడ ఛందస్సును తెలుగు సరిహద్దు దాటి పరిశీలించవలసిన అవసరాన్ని సూచిస్తున్నది. మూడవది: పరభాషా సాహిత్యాన్ని బోధించే ఆచార్యుడు మాతృభాషకు వెలుపలివాడు కానక్కరలేదు.

నేడు మన విశ్వవిద్యాలయాలలో ఇంగ్లీషు శాఖకూ తెలుగు శాఖకూ మధ్య నడవా ఒకటే అయినా రాకపోకలు తక్కువ. మైసూరు కళాశాలలో ఒకనాడు ఆ గోడ అంత ఎత్తు లేదు. కట్టమంచి, రాళ్లపల్లి, శ్రీకంఠయ్యల రచనలను పక్కపక్కన పెట్టి చదివే పని తెలుగు కన్నడాలు రెండూ తెలిసిన పరిశోధకుల కోసం ఎదురుచూస్తున్నది.