డోర్ట్ మహాసభ: దైవకృప, మానవచిత్తం, రాజ్యాధికారం

దేవుని సార్వభౌమత్వం, మానవుని స్వేచ్ఛాచిత్తం అన్న క్రైస్తవ వేదాంత వివాదంలో ఒక పక్షం దేవునికీ, మరొక పక్షం మనిషికీ ప్రాధాన్యమిచ్చిందని చెప్పడం పరిపాటి. 17వ శతాబ్దపు డచ్చి పత్రాలను పక్కపక్కన ఉంచి చదివితే ఈ విభజన నిలవదు.

లైడెన్ విశ్వవిద్యాలయంలో 1603 నుంచి ఆచార్యుడైన యాకబ్ అర్మీనియస్‌కూ, అక్కడి మరో ఆచార్యుడు గోమారస్‌కూ దైవ పూర్వనిర్ణయం విషయంలో భేదం ఏర్పడింది. ఎవరు విశ్వసిస్తారో ముందే ఎరిగి దేవుడు వారిని రక్షణకు ఎన్నుకున్నాడని అర్మీనియస్ బోధించాడు. ఆ ఎన్నికకు దైవసంకల్పం తప్ప వేరే హేతువు లేదని, విశ్వాసం దాని ఫలమేనని గోమారస్ వాదించాడు. 1609లో అర్మీనియస్ మరణించాడు. మరుసటి ఏడు ఆయన అనుయాయులు ఐదు అంశాల విజ్ఞాపనను హాలండ్ ప్రాంతీయ ప్రభుత్వానికి సమర్పించారు.

కృప లేనిదే మనిషి తనంతట తాను విశ్వసించలేడని ఆ విజ్ఞాపనలోని మూడవ అంశం అంగీకరిస్తుంది. ఆ కృపను మనిషి తిరస్కరించగలడని నాలుగవ అంశం చెబుతుంది. 1618 నవంబరులో డోర్ట్ నగరంలో ఆరంభమైన మహాసభ ఈ అభిప్రాయాన్ని ఖండించింది. అయితే ఆ సభ తీర్మానాలు సైతం మనిషిని మొద్దుగానో రాయిగానో చూడలేదు. కృప చిత్తాన్ని నిర్మూలించదని, దానిని స్వస్థపరచి దేవునివైపు మరలుస్తుందని అవి వివరించాయి. కృప ఆవశ్యకమనీ, మనిషికి చిత్తమున్నదనీ ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. రక్షించే కృపను మనిషి చివరికి కాదనగలడా అన్నదే ఈ అంశంలో మిగిలిన భేదం.

ఇంత సూక్ష్మమైన భేదం రాజ్యాన్ని చీల్చడానికి కారణం వేదాంతంలో మాత్రమే లేదు. సంఘ వివాదాలపై ప్రాంతీయ ప్రభుత్వానికి అధికారముందని భావించిన రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్ విజ్ఞాపన పక్షాన్ని కాపాడాడు. 1609లో స్పెయిన్‌తో ఆయన కుదిర్చిన సంధిని వ్యతిరేకించిన సేనాధిపతి మౌరిట్స్ ప్రత్యర్థి పక్షాన నిలిచాడు. సభ కూడకముందే, 1618 ఆగస్టులో, ఓల్డెన్‌బార్నెవెల్ట్‌ను నిర్బంధించారు. విజ్ఞాపన పక్షంవారిని సభ్యులుగా కాక ప్రతివాదులుగా పిలిపించి, 1619 జనవరిలో సభనుంచి వెళ్లగొట్టారు. మే 6న తీర్మానాలను ప్రకటించారు. మే 13న, రాజకీయ నేరారోపణలపై, 71 ఏళ్ల ఓల్డెన్‌బార్నెవెల్ట్‌కు శిరశ్ఛేదం చేశారు. సుమారు 200 మంది బోధకులు పదవులు కోల్పోయారు.

ఈ హింసను చూపి తీర్మానాల వేదాంత విలువను కొట్టివేయడం సరికాదు. హింసను మరచి వాటిని కేవలం వాదంలో లభించిన విజయంగా చదవడమూ సరికాదు.

ఈ వివాదపు వారసత్వం తెలుగు నేలకూ చేరింది. అర్మీనియస్ బోధను ఆదరించిన జాన్ వెస్లీ సంప్రదాయం మెదక్ ప్రాంతంలోనూ, కాల్విన్ బోధతో పెరిగిన లండన్ మిషన్ సంప్రదాయం కడప ప్రాంతంలోనూ వేళ్లూనాయి. 1947లో అవి దక్షిణ ఇండియా సంఘంలో ఒకటయ్యాయి. కనుక తెలుగు క్రైస్తవ రచనల్లో ‘కృప’, ‘చిత్తం’, ‘ఎన్నిక’ అన్న మాటలు ఎదురైనప్పుడు, ఆ రచయిత ఏ సంప్రదాయంలో నిలిచి వాటిని వాడాడో విచారించిన తరువాతే వాటి అర్థాన్ని నిర్ణయించాలి.