అమెరికా అధ్యక్షుని ఉత్తర్వులు: సంతకానికి గల బలమెంత?

అమెరికా అధ్యక్షుడు ఒక దస్తావేజుపై సంతకం చేసి దానిని కెమెరాల ముందు ఎత్తి చూపడం 2025 జనవరి నుండి ప్రపంచానికి అలవాటైన దృశ్యం. మరునాడు పత్రికలలో "అమెరికాలో కొత్త చట్టం" అన్న శీర్షిక వెలువడుతుంది. ఆ మాట సరికాదు. అధ్యక్షుడు సంతకం చేసినది చట్టం కాదు, కార్యనిర్వాహక ఉత్తర్వు. ఈ రెండింటికీ గల భేదం తెలియకపోవడం వలన భీమవరం చెరువుగట్టు మీద రొయ్యల రైతు మొదలుకొని డాలస్‌లో ఉద్యోగం చేసుకునే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు వరకు ఎందరో అనవసరమైన భయానికో, అంతకంటె ప్రమాదకరమైన ధీమాకో లోనవుతున్నారు.

కార్యనిర్వాహక ఉత్తర్వు అనగా అధ్యక్షుడు తన ప్రభుత్వ శాఖలకు, ఉద్యోగులకు ఇచ్చే లిఖితపూర్వకమైన ఆదేశం. అమెరికా రాజ్యాంగంలో ఈ పేరు ఎక్కడా కనిపించదు. కార్యనిర్వాహక అధికారం అధ్యక్షునియందు ఉంటుందనీ, చట్టాలు సక్రమంగా అమలయ్యేలా ఆయన చూడవలెననీ రెండవ అధికరణం చెబుతుంది. ఆ రెండు వాక్యాల నుండి పుట్టుకు వచ్చినదే ఈ సంప్రదాయమంతా. చట్టం చేసే అధికారం మొదటి అధికరణం ప్రకారం కాంగ్రెస్‌ది. కనుక ప్రతి ఉత్తర్వూ రాజ్యాంగమిచ్చిన అధికారంపై గాని, కాంగ్రెస్ చేసిన ఏదో ఒక చట్టంపై గాని నిలబడవలసి ఉంటుంది. ఆ ఆధారం ఎంత గట్టిదైతే ఉత్తర్వు అంత గట్టిది.

మన దేశపు పాఠకులకు ఇక్కడ ఒక పొరపాటు కలిగే అవకాశం ఉన్నది. మన రాష్ట్రపతి జారీ చేసే ఆర్డినెన్సుకు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. అయితే పార్లమెంటు తిరిగి సమావేశమైన ఆరు వారాలలో అది ఆమోదం పొందకపోతే రద్దవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక ఉద్యోగాల కొరకు 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు 371-డి అధికరణం మీద ఆధారపడినది. మంత్రిమండలి సలహా లేనిదే రాష్ట్రపతి అట్టిది చేయరు. అమెరికా అధ్యక్షుని ఉత్తర్వుకు ఈ రెండు కట్టుబాట్లూ లేవు. దానిని కాంగ్రెస్ ముందు పెట్టనక్కరలేదు, గడువు లేదు, మంత్రుల సలహాతో పని లేదు. కాని దానికి చట్టంతో సమానమైన హోదా కూడా లేదు. తరువాత వచ్చిన అధ్యక్షుడు ఒక్క సంతకంతో దానిని తుడిచివేయగలరు.

ఉత్తర్వులకు వరుస సంఖ్యలు వేయడం 1907లో మొదలైనది. వెనుకటి వాటినీ లెక్కించదలచి 1862 నాటి లింకన్ ఉత్తర్వును మొదటిదిగా తీసుకున్నారు. ఫెడరల్ రిజిస్టరులో ప్రచురించవలెనన్న నియమం 1935 చట్టంతో వచ్చినది. అందరికంటె ఎక్కువ ఉత్తర్వులు ఇచ్చినవారు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్. పన్నెండేళ్ల పాలనలో ఆయనవి 3,700కు పైగా ఉన్నవి. డొనాల్డ్ ట్రంప్ తొలి పదవీకాలం నాలుగేళ్లలో 220 ఉత్తర్వులు ఇచ్చారు. రెండవసారి అధికారానికి వచ్చిన 2025 జనవరి 20వ తేదీ ఒక్కనాడే 26 ఉత్తర్వులపై సంతకం చేశారు. ఆ ఏడాది ముగిసేసరికి ఆ సంఖ్య 200 దాటినది. అందులో ఒకే ఒక్క ఉత్తర్వుతో అంతకుముందు అధ్యక్షుడైన బైడెన్ ఇచ్చిన 78 ఉత్తర్వులు, మెమొరాండములు రద్దయినవి.

రెండు పాత ఉదాహరణలు

ఉత్తర్వు ఎంత దూరం పోగలదో తెలిపే ఉదాహరణ 1942 ఫిబ్రవరి 19 నాటి 9066వ సంఖ్య గల ఉత్తర్వు. పెర్ల్ హార్బర్ దాడి జరిగిన పది వారాలకు రూజ్వెల్ట్ దానిపై సంతకం చేశారు. అందులో జపాన్ అన్న పేరు లేదు. సైనికాధికారులు కొన్ని ప్రాంతాలను నిషిద్ధ ప్రాంతాలుగా ప్రకటించి, అక్కడినుండి ఎవరినైనా పంపివేయవచ్చునని మాత్రమే ఉన్నది. ఆ నాలుగు మాటల ఆధారంతో పడమటి తీరంలోని దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతివారిని ఇళ్లూ దుకాణాలూ విడిపించి శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే. కాంగ్రెస్ వెంటనే దానికి తోడుగా చట్టం చేసినది. సుప్రీంకోర్టు 1944లో కొరెమాట్సు కేసులో సమర్థించినది. 1976లో అధ్యక్షుడు ఫోర్డ్ ఆ ఉత్తర్వును లాంఛనంగా రద్దు చేశారు. 1988లో కాంగ్రెస్ క్షమాపణ చెప్పి, బ్రతికి ఉన్న ఒక్కొక్క బాధితునికి 20,000 డాలర్లు చెల్లించే చట్టం చేసినది. ఉత్తర్వును రద్దు చేయడానికి ఒక సంతకం చాలినది గాని, అది చేసిన గాయానికి చట్టమే కావలసి వచ్చినది.

ఉత్తర్వు ఎక్కడ ఆగిపోతుందో తెలిపేది 1952 నాటి ఉక్కు కర్మాగారాల కేసు. కొరియా యుద్ధం సాగుతుండగా ఉక్కు కార్మికులు సమ్మెకు సిద్ధపడ్డారు. ఆయుధాల ఉత్పత్తి ఆగిపోతుందని అధ్యక్షుడు ట్రూమన్ కర్మాగారాలను ప్రభుత్వం స్వాధీనం చేసుకోవలెనని ఉత్తర్వు ఇచ్చారు. రెండు నెలలైనా తిరగకముందే సుప్రీంకోర్టు 6–3 ఓట్లతో దానిని కొట్టివేసినది. ఆ తీర్పులో జస్టిస్ రాబర్ట్ జాక్సన్ వ్రాసిన అభిప్రాయం నేటికీ న్యాయవాదులకు కొలబద్ద. కాంగ్రెస్ అనుమతితో చేసిన పనిలో అధ్యక్షుని బలం పరిపూర్ణం. కాంగ్రెస్ ఏమీ పలకని చోట అది సందిగ్ధం. కాంగ్రెస్ ఇష్టానికి విరుద్ధంగా చేసిన పనిలో అది అత్యల్పం. 2025 నాటి వివాదాలన్నీ చివరకు ఈ మూడు మెట్లలో ఏదో ఒక మెట్టు దగ్గర ఆగుతున్నవి.

ఉత్తర్వు పాఠాన్ని చదివేవారు "చట్టం అనుమతించిన మేరకు" అన్న పదబంధాన్ని తప్పక వెతకవలెను. విద్యాశాఖను మూసివేసే ప్రక్రియను ప్రారంభించమని 2025 మార్చి 20న వచ్చిన ఉత్తర్వులో ఈ భావమే ఉన్నది. ఆ శాఖ 1979లో కాంగ్రెస్ చేసిన చట్టంతో ఏర్పడినది. సిబ్బందిని తగ్గించవచ్చు, పనులను వేరొక శాఖకు బదలాయించే ప్రయత్నం చేయవచ్చు. శాఖనే లేకుండా చేయడానికి మాత్రం కాంగ్రెస్ కావలెను. శీర్షికలో ఈ మాట రాదు. అసలు సంగతంతా ఈ మాటలోనే ఉంటుంది.

సుంకాల కథ

2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రపంచ దేశాల దిగుమతులపై "ప్రతి సుంకాలు" విధించారు. దానికి చూపిన ఆధారం 1977 నాటి అంతర్జాతీయ అత్యవసర ఆర్థికాధికారాల చట్టం. భారతదేశపు సరుకుపై ఆగస్టు 7 నుండి 25 శాతం, రష్యా చమురు కొంటున్నందుకు మరొక ఉత్తర్వు ద్వారా ఆగస్టు 27 నుండి అదనంగా ఇంకొక 25 శాతం, వెరసి 50 శాతం సుంకం పడినది. తమిళనాడులో తిరుప్పూరు బనియను పరిశ్రమ, ఆంధ్రప్రదేశ్‌లో రొయ్యల పరిశ్రమ దీని దెబ్బను ముందుగా చవిచూసినవి. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. ఆ ఎగుమతులకు అమెరికాయే పెద్ద విపణి. యానాం చుట్టుప్రక్కల గోదావరి పాయల వెంట, కాకినాడ, భీమవరం ప్రాంతాలలో చెరువులు నడిపేవారికి వాషింగ్టన్‌లో జరిగే సంతకం ఊళ్లో పట్టుబడి ధరగా మారి చేరుతుంది.

రొయ్యలపై యాంటీడంపింగ్ సుంకం 2005 నుండే ఉన్నది. అది చట్టం నిర్దేశించిన విచారణ జరిపి, లెక్కలు తీసి, వాదప్రతివాదాలు విని నిర్ణయించే సుంకం. అందుచేత అధ్యక్షులు మారినా అది మారలేదు. 2025 నాటి సుంకం అలా కాదు. 2026 ఫిబ్రవరి మొదటి వారంలో భారత్‌తో ఒప్పందపు మాట కుదరగానే రష్యా చమురు పేరిట వేసిన 25 శాతాన్ని మరొక ఉత్తర్వు తొలగించినది. అదే నెల 20వ తేదీన సుప్రీంకోర్టు 6–3 ఓట్లతో అసలు ఆధారాన్నే త్రోసిపుచ్చినది. 1977 చట్టంలో దిగుమతులను క్రమబద్ధం చేయడమన్న మాట ఉన్నది గాని సుంకం అన్న మాట లేదనీ, పన్ను వేసే అధికారం కాంగ్రెస్‌దనీ తీర్పు సారాంశం. అదే రోజున అధ్యక్షుడు 1974 నాటి వాణిజ్య చట్టంలోని 122వ విభాగాన్ని చేతబట్టి 10 శాతం సుంకం ప్రకటించారు. ఆ విభాగం 15 శాతం వరకు అనుమతిస్తుంది, కాని 150 రోజులు దాటితే కాంగ్రెస్ సమ్మతి ఉండవలెను. ఆధారం మారగానే సుంకం శాతమూ, ఆయుర్దాయమూ రెండూ మారిపోయినవి.

ఇక్కడ ఒక చేదు నిజమున్నది. సుంకాన్ని అమెరికా కస్టమ్స్‌కు చెల్లించేది అక్కడి దిగుమతిదారు. వాపసు అంటూ వస్తే అతనికి వస్తుంది. ఆ కాలంలో ధర తగ్గించి సరుకు అమ్ముకున్న రైతుకు తీర్పు వలన చేతికి వచ్చేది ఏమీ లేదు.

పుట్టుకతో పౌరసత్వం

2025 జనవరి 20 నాటి 14160వ ఉత్తర్వు తెలుగు కుటుంబాలను నేరుగా తాకినది. బిడ్డ పుట్టేనాటికి తల్లి అక్రమంగా గాని, వీసాపై తాత్కాలికంగా గాని ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో కానిచో ఆ బిడ్డను పౌరునిగా గుర్తించరాదని దాని ఆదేశం. దంపతులిద్దరూ హెచ్-1బి, హెచ్-4, విద్యార్థి వీసాల మీద ఉన్న వేలాది ఇళ్లు ఈ నిర్వచనంలోకి వస్తాయి. ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ వాటిలో 7 శాతానికి మించి సాధారణంగా దక్కవు. ఈ లెక్క వలన భారతీయులు పదేళ్లకు పైగా "తాత్కాలికులు"గానే ఉండిపోతున్నారు. బిడ్డలు మాత్రం అక్కడే పుట్టి, అక్కడి బడులకు వెళుతున్నారు.

ఈ ఉత్తర్వుకు ఎదురుగా ఉన్నది చట్టం కాదు, 1868 నాటి పధ్నాలుగవ రాజ్యాంగ సవరణ. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ పౌరుడేనని సుప్రీంకోర్టు 1898లోనే తీర్పు ఇచ్చి ఉన్నది. ఉత్తర్వు వచ్చిన మూడవ రోజుననే సియాటిల్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి దానిని నిలిపివేశారు. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు, జిల్లా న్యాయమూర్తులు దేశవ్యాప్తంగా ఆపే ఉత్తర్వులు ఇచ్చే అధికారాన్ని కుదించినది. పౌరసత్వపు ప్రశ్నను మాత్రం అప్పుడు తాకలేదు. వెనువెంటనే న్యూహాంప్‌షైర్‌లో పిల్లలందరి తరఫున సామూహిక వ్యాజ్యం దాఖలై, అక్కడి కోర్టు జూలైలో మళ్లీ ఆపినది. డిసెంబరులో సుప్రీంకోర్టు అసలు ప్రశ్నను విచారణకు స్వీకరించినది. ఈ దారి పొడవునా గమనించదగినది ఏమనగా, ఉత్తర్వు వెలువడిన మాత్రాన ఏ పసిబిడ్డ పౌరసత్వమూ ఆనాడు పోలేదు.

హెచ్-1బి రుసుము

2025 సెప్టెంబరు 19న వెలువడినది నిజానికి కార్యనిర్వాహక ఉత్తర్వు కాదు. ప్రకటన అనే మరొక తరగతికి చెందినది. కొత్త హెచ్-1బి దరఖాస్తుకు యజమాని లక్ష డాలర్లు చెల్లించవలెనని, 12 నెలల గడువుతో, సెప్టెంబరు 21 నుండి అమలులోకి వచ్చేలా జారీ అయినది. మంజూరయ్యే హెచ్-1బి వీసాలలో 70 శాతానికి పైగా భారతీయులవే. సంతకానికీ అమలుకూ మధ్య రెండు రోజులే ఉండడంతో స్వదేశానికి వచ్చిన ఉద్యోగులు హడావుడిగా విమానాశ్రయాలకు పరుగెత్తారు. ఇదివరకే వీసా ఉన్నవారికి ఇది వర్తించదని, కొత్త దరఖాస్తులకే పరిమితమని అధికారుల వివరణ మరునాడు గాని రాలేదు. దస్తావేజును మొదటే అంత స్పష్టంగా వ్రాసి ఉంటే ఎన్నో టిక్కెట్ల డబ్బు మిగిలేది.

దీని ఆధారం వలస చట్టంలోని 212-ఎఫ్ విభాగం. దేశానికి హాని అనిపిస్తే విదేశీయుల ప్రవేశాన్ని ఆపవచ్చునని, షరతులు పెట్టవచ్చునని అందులో విశాలమైన మాటలున్నవి. ట్రంప్ తొలి పదవీకాలపు ప్రయాణ నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు 5–4తో సమర్థించినది ఈ విభాగం ప్రకారమే. అమెరికా వాణిజ్య మండలి ఈ రుసుమును సవాలు చేయగా, వాషింగ్టన్‌లోని జిల్లా కోర్టు 2025 డిసెంబరులో ప్రభుత్వం పక్షానే తీర్పు చెప్పినది. సుంకాల విషయంలో ఓడిన అధ్యక్షుడే ఇక్కడ మొదటి మెట్టులో గెలిచారు. తేడా అంతా ఆధారంగా చూపిన చట్టంలోని పదాలది.

దీనికి విరుద్ధమైన అనుభవం హెచ్-4 వీసాదారులది. కొందరు హెచ్-1బి ఉద్యోగుల జీవిత భాగస్వాములు పని చేసుకోవచ్చునన్న 2015 నాటి నియమం ఉత్తర్వు ద్వారా వచ్చినది కాదు; 1946 నాటి పరిపాలనా విధాన చట్టం ప్రకారం ముసాయిదా ప్రచురించి, ప్రజాభిప్రాయం సేకరించి చేసినది. ట్రంప్ 2017 ఏప్రిల్‌లో "అమెరికా సరుకే కొనండి, అమెరికన్లనే నియమించండి" అన్న ఉత్తర్వు ఇచ్చారు. ఆయన ప్రభుత్వం హెచ్-4 నియమాన్ని ఎత్తివేయాలని తలపెట్టినది. కాని ఎత్తివేయడానికీ అదే ముసాయిదా, అదే ప్రజాభిప్రాయం కావలెను. నాలుగేళ్లు గడిచినా ఆ పని పూర్తి కాలేదు. 2021 జనవరిలో బైడెన్ ప్రభుత్వం ఆ ప్రతిపాదనను వెనక్కు తీసుకున్నది. అదే నెలలో 2017 ఉత్తర్వూ రద్దయినది.