వాడెక్కడున్నట్టు?

ఉక్కుమహిళ అని పేరుపడ్డ మార్గరెట్ థాచర్ నలుగురిలో కంటతడి పెట్టడం అరుదు. 1982 జనవరిలో పెట్టింది. కారణం రాజకీయం కాదు లెండి. పారిస్ నుంచి డాకర్ దాకా సాగే ఎడారి పందెంలోకి కారు వేసుకుని వెళ్ళిన కొడుకు మార్క్ సహారాలో కనిపించకుండా పోయాడు. ఆరు రోజులు! తండ్రి విమానమెక్కి అల్జీరియాకి పరిగెత్తాడు. ఆవిడకేమో కుర్చీ వదలడానికి లేదు. బ్రిటన్ ప్రధానమంత్రి అయితేనేం, వాడెక్కడున్నట్టు అన్న ఒక్క ప్రశ్నకీ జవాబు లేదు. చివరికి అల్జీరియా సైనిక విమానం ఒకటి కనిపెట్టింది. పిల్లాడు క్షేమం.

అసలా పందెం పుట్టిందే దారి తప్పడంలోంచి. 1977లో తియరీ సబీన్ అనే ఫ్రెంచి యువకుడు మోటారుసైకిలు మీద లిబియా ఎడారిలో తప్పిపోయి, చావు తప్పి బయటపడ్డాడు. ఇంకొకరైతే మళ్ళీ గడప దాటరు. ఈయన 1978 డిసెంబరు 26న మందిని వెంటేసుకుని మరీ ఎడారికే బయల్దేరాడు! మగవాళ్ళ సంగతి మనకి కొత్తా? దారికి ఆధారం చుట్టచుట్టిన కాగితం. ఇన్ని కిలోమీటర్లకి ఎడమకి, ఇన్నింటికి ఇసుకదిబ్బ అని అందులో రాసి ఉంటుంది. తోడుగా దిక్సూచి. అంతే.

విచిత్రమేమిటంటే, అమెరికా సైన్యం తన జీపీఎస్ తొలి ఉపగ్రహాన్ని పంపిందీ ఆ 1978లోనే. అది మనకోసం కాదు. 1983 సెప్టెంబరు 1న కొరియా ప్రయాణికుల విమానం దారి తప్పి సోవియట్ గగనంలోకి పోతే కూల్చేశారు. 269 మంది పోయారు. అప్పుడు రీగన్ ప్రభుత్వం మామూలు జనానికీ ఇస్తామంది. ఇచ్చింది, కావాలని తప్పు కలిపి! వంద మీటర్ల దాకా తేడా. కొండదారిలో వంద మీటర్లంటే లోయే గదా! 2000 మే నెలలో గానీ ఆ కల్తీ మానలేదు.

ఈ చరిత్రంతా తవ్వడానికి కారణం మా అక్కయ్య కొడుకు. బండి మీద స్పితి లోయకి పోతాట్ట, ఏ జీపీఎస్ కొనాలి పిన్నీ అన్నాడు. ఫోను చాలదుట్రా అంటే చాలదట. ఎండలో తెర సరిగ్గా కనబడదు, చేతొడుగులతో నొక్కితే పలకదు. పైగా మోటారుసైకిలు అదురుకి ఫోను కెమెరా పాడవచ్చని ఆపిల్ వాళ్ళే 2021లో హెచ్చరించారు. అంచేత వానకి చెడనిదీ, బండి బ్యాటరీ మీదే నడిచేదీ, సిగ్నలు లేనిచోట కూడా పటాలు తన కడుపులోంచే తీసి చూపేదీ చూడమన్నాను. అన్నిటికన్నా ముఖ్యం, రోడ్డే లేని చోట వచ్చిన జాడ పట్టి వెనక్కి చేర్చేది కావాలి. తెర ఎంత పెద్దదన్నది నా లెక్కలో ఆఖరు.

అక్కయ్య అంతా వింది. "పైనుంచి ఉపగ్రహం వాణ్ణి చూస్తూనే ఉంటుందిగా, నాకూ తెలుస్తుందిగా?" అంది.

ఎంత ఆశ! కానీ ఉపగ్రహం ఎవర్నీ చూడదండీ. 20,200 కిలోమీటర్ల ఎత్తునుంచి, రేడియో స్టేషనులా తన టైమూ తన చోటూ చెప్పుకుంటూ పోతుంది. కనీసం నాలుగింటి మాట విని, ఏది ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి, యంత్రం తన చోటు తేల్చుకుంటుంది. వినడమే గానీ బదులు పలకడం దానికి రాదు. ఉపగ్రహం ద్వారా ఇంటికి కబురు పంపే పరికరాలు వేరే ఉన్నాయి. వాటికి మనదేశంలో ప్రభుత్వ అనుమతి కావాలి, లేకుండా పట్టుకెళితే చిక్కే.

అక్కయ్య కాసేపు మాట్లాడలేదు. "అయితే ఊరూరా ఆగి ఫోను చెయ్యమను" అంది.

వాడు యంత్రమూ కొన్నాడు, ఒక కాగితం మీద సిమ్లా, రికాంగ్‌పియో, టాబో, కాజా అని రాసి, పక్కన తారీఖులు వేసి ఫ్రిజ్‌కి అంటించీ వెళ్ళాడు. నిన్న సాయంత్రం టాబో పక్కన అక్కయ్య పెన్సిలుతో టిక్కు పెట్టింది.